ఒక్క నిమిషం ఆగుర్రి

మే 11, ఆదివారం

నాది వెన్నలాంటి మనసట. ఇవాళ మామను చూడటానికి వచ్చిన ప్రతివాళ్ల ముందూ అమ్మది ఇదే పాట. "కట్లు మార్చుడు, తినిపిచ్చుడు, మూతి తుడుసుడు, అన్నీ మా నవతనే. సొంత అక్కను, నేనే ఆ చేతులను సూడలేకపోతున్న. దీనికి గంత జాలి యాడికెళ్లి వచ్చిందో!" పోయిన ఏడాది పెళ్లిచూపులకు కూర్చోనన్నప్పుడు ఇదే అమ్మ నన్ను బండరాయి అంది. అదీ తప్పే, ఇదీ తప్పే. పుట్టినప్పటి నుంచీ ఒకే ఇంట్లో ఉన్నాం, నేనేమిటో ఆమెకు ఇంకా అంతుపట్టలేదు.

జాలితో చేయడం లేదు. అమ్మ ఆ చేతులు చూడలేనంటుంది, నాన్న ఆ గదిలోకి రాడు, మిగిలింది నేను. బీకాం అయ్యి ఉద్యోగం దొరకనిదాన్ని, పగలంతా ఇంట్లో దొరుకుతాను. అంతే. ఇంకో కారణం కూడా ఉంది. అది రాయబుద్ధి కావడం లేదు.

వచ్చినవాళ్లు మామ చేతుల్ని చూసి నిట్టూరుస్తారు. సూరత్ పక్క పల్సానాలో ఆయన మేస్త్రీగా ఉన్న కార్ఖానా తగలబడుతుంటే, లోపల ఇరుక్కున్న ముగ్గురి కోసం కాలే షట్టర్‌ను పట్టి ఎత్తిన చేతులు. "సోమలింగం తన పానానికి జూసుకోలే" అని ఒకరు, "దేవుడసుంటోడు" అని ఒకరు. ఆ షట్టర్‌కు రాత్రి షిఫ్టువాళ్లు పోకుండా బయటి నుంచి తాళం వేసింది కూడా ఆ చేతులేనని మా ఇంట్లో కూర్చుని ఎవరూ అనరు. చాయ్ తాగుతున్నారు కదా.

మే 12

సంఘం పెద్ద రాజమౌళి పెద్దనాన్న వచ్చాడు. పళ్లెంలో బిస్కెట్లు ముట్టుకోలేదు. అంటే పనిమీద వచ్చాడు.

"పోలీసోళ్లు ఫోన్ల లెక్క తీసిండ్రు బిడ్డా. గా పొద్దుగాల మీ మామ నీకు ఫోన్ చేసిండని వాళ్లకు ఎర్కయింది. ఇరవై ఏడో తారీఖు నీ జవాబ్ రాసుకుంటరట. భయపడకు. ఇన్నది చెప్పు, ఇననిది చెప్పకు."

"ఏం విన్నవని అడిగితే?"

"అక్కడ సాంచాలు నడుస్తుండె గదా. గా చప్పుడ్ల ఎవలికి ఏం ఇనొస్తది?" ఆయన నా మొహం చూడకుండా, గోడవైపు చూసి అన్నాడు. గోడ అవతల కార్ఖానాలో మరమగ్గాల నేత నడుస్తోంది, సాంచాల మోతకు గూట్లో పళ్లేలు అదురుతున్నాయి. సాక్ష్యం చూపించినట్టే ఉంది.

ఇప్పటికి మామ మీద ఉన్నది నిర్లక్ష్యం కేసు. బెయిల్ మీద మా ఇంట్లో ఉన్నాడు. లోపల చనిపోయిన ముగ్గురిలో ఒకడు సురేశన్న, రెండు సందుల అవతలి మనిషే. ఆయన భార్య వినోద వదిన వేరే మాట చెబుతోంది: మామ వచ్చి ముందు బట్టల గోదాం తెరిచాడని, బట్ట చుట్టిన తాకాలు బయటికి లాగాడని, ఆ తర్వాతే మనుషులున్న షెడ్డు దగ్గరికి పోయాడని. సురేశన్న లోపలి నుంచి తనకు ఫోన్ చేస్తే అందులో విన్నదట. ఆ మాట నిలబడితే కేసు మారుతుంది, మామ చాలా ఏళ్లు లోపల ఉంటాడు. మా వాళ్లంతా ఆమెకు మతి చలించిందంటున్నారు.

మామ నాకు ఫోన్ చేసింది ఫైర్ వాళ్లతో గుజరాతీలో మాట్లాడటానికి. ఇన్నేళ్లు సూరత్‌లో ఉన్నా ఆయనకు వచ్చింది బేరమాడేంత గుజరాతీయే. "కరెంటు పోయింది బిడ్డా, బోర్డు కాడ మంట లేసింది, ఫైరోళ్లకు చెప్పు, జల్ది" అన్నాడు. అంతవరకు వినబడింది. ఆ తర్వాత ఇంకేదో అన్నాడు. అక్కడి సాంచాల చప్పుడులో సరిగా వినబడలేదు.

నేను ఫైర్ వాళ్లకు ఫోన్ చేశాను. అడ్రసు రెండుసార్లు చెప్పాను. నా పని నేను చేశాను.

మే 13

సాంచాల చప్పుడు. నాకేమీ సరిగా వినబడలేదు.

మే 15

పప్పుచారు, ఆలుగడ్డ వేపుడు. మామ మింగేటప్పుడు కళ్లు మూసుకుంటాడు.

చిన్నప్పుడు అమ్మానాన్నలిద్దరూ షిఫ్టుల్లో ఉంటే నాకు అన్నం పెట్టింది ఈ చేతులే. ఊరికి పోయే రైలు దారి మొత్తం పళ్లెంలో ఉండేది. ఉధ్నా ముద్ద, నందుర్‌బార్ ముద్ద, భుసావల్ ముద్ద. బల్లార్షా దగ్గర నేను మూతి ముడిచేదాన్ని. "ఇంకొక్కటి తింటే కాజీపేట, దిగిపోవచ్చు" అనేవాడు. దిగాలని తినేదాన్ని.

"ఇది ఏ టేషన్ కోడలా?" అన్నాడు ఇవాళ.

"నందుర్‌బార్."

"ఇంక గంత దూరమున్నదా!" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ముగ్గురు పోయాక ఆ గదిలో అది మొదటి నవ్వు. వాకిట్లో కూర్చున్న నాన్న లేచి వీధిలోకి వెళ్లిపోయాడు.

నవ్వు ఉండగానే అడిగాను. "ఆ పొద్దుగాల సీదా షెడ్డు కాడికే పోయినవా మామా?"

"పోక మరి? తాళంచెవి కలువలే బిడ్డా. గుత్తి నిండ చెవులే."

హాస్పిటల్‌లో ఉన్నప్పుడు వేరేగా చెప్పాడు. తాళం వేడెక్కి తిరగలేదన్నాడు. రెండూ జరిగి ఉండొచ్చు. చెవి కలవకపోతే ఆలస్యం, ఆలస్యమైతే వేడి, వేడెక్కితే తిరగదు. అవును, రెండూ జరిగి ఉంటాయి.

మే 16

మిగతా ఇద్దరూ ఒడియావాళ్లు. శవాలను గంజాం పంపించారు. వాళ్ల పేర్లేమిటని మామను అడిగాను.

"ఒకడు పొట్టోడు, ఒకడు లంబూ. గట్లనే పిలుద్దుము" అన్నాడు. మళ్లీ తనే, "లంబూ మంచిగ పాడేది" అన్నాడు.

మే 17

కట్టు విప్పేటప్పుడు గాజుగుడ్డ అంటుకుపోయి ఉంటుంది. ముందు సెలైన్ నీళ్లతో తడిపి, అది నానేదాకా ఆగాలి. మామ పసిపిల్లాడిలా ఏడుస్తాడు. "జర మెల్లగ బిడ్డా, జర మెల్లగ." నా కళ్లలోనూ నీళ్లు వస్తాయి, ఆపలేను. చర్మం లేని అరచెయ్యి చూస్తే ఎవరికైనా వస్తాయి. ఇది మనసు కాదు, ఒళ్లు చేసే పని.

అమ్మ గుమ్మంలోంచి చూసి పక్కింటికి పోయి చెప్పింది. మళ్లీ వెన్న.

మే 18, ఆదివారం

అమ్మ టిఫిన్ డబ్బాలో రొట్టెలు, కూర సర్ది నన్ను వినోద వదిన దగ్గరికి పంపింది. "నువ్వు సదువుకున్నదానివి. నిమ్మలంగ చెప్పు. పోయినోడు ఎట్లాగు రాడు, ఉన్నోని బతుకు ఖరాబ్ చెయ్యకుమను."

వదిన కింద కూర్చుని చీరకు రాళ్లు అంటిస్తోంది. సలాబత్‌పురా వ్యాపారి ఇచ్చిన చీరలు, గది నిండా మెరుపే. చెయ్యి ఆపకుండానే అడిగింది.

"ఎవలు పంపిండ్రు? మీ అమ్మనా, రాజమౌళినా?"

"అమ్మ."

"గట్లనా. రాజమౌళి పంపితే స్వీట్ వస్తుండె గదా."

ఏం చేయాలో తెలియక రాళ్ల గిన్నె చేతిలోకి తీసుకున్నాను. ఆమెకు అందిస్తూ, నేర్చుకుని వచ్చిన మాటలు మొదలుపెట్టాను. ఆ చప్పుడులో, ఆ భయంలో, మనిషికి ఏదో వినబడినట్టు...

"అందరు గదే అంటున్నరు" అంది వదిన. "నాకు పిచ్చిలేసిందని. నవతా, నీకొకటి చెప్తా ఇను. మీ అన్న ఫోన్ చేసి పొగొస్తుందన్నడు. నేను ఇక్కడ లబలబ మొత్తుకుంటున్న. గంతల ఆయననే అన్నడు, 'లింగన్న వచ్చిండు, వచ్చిండు, ఇగ తాళం తీస్తడు' అని. సంబురంగ అన్నడు. ఎనుకకెళ్లి లింగన్న గొంతు. రోజు ఇనే గొంతు, నాకు తెల్వదా? 'ఒక్క నిమిషం ఆగుర్రి' అన్నడు."

గిన్నె నా చేతిలోంచి జారింది. రాళ్లు గచ్చంతా చెల్లాచెదురయ్యాయి.

"ఏమైంది?"

"ఏం లేదు, జారింది."

ఇద్దరం వంగి ఏరాం. ఏరుతూనే ఆమె మిగతాది చెప్పింది. "ఇంకేంది, లింగన్న వచ్చిండు గదా అని నేను ఫోన్ పెట్టేసిన. ఇంటికొస్తడని చాయ్ పెట్టిన." మంచం కింద చెయ్యి పెట్టి రెండు రాళ్లు తీసింది. "గదీ నా పిచ్చి."

డబ్బా అక్కడే వదిలి వచ్చాను. సాయంత్రానికి అది మా గుమ్మం ముందు ఉంది. మూత తీసిన జాడ లేదు.

మే 19

బాధలో ఉన్నవాళ్లకు లేనివి వినబడతాయి. సాంచాల చప్పుడులో భర్త గొంతే వినబడటం కష్టం, వెనకనుంచి ఇంకొకరి గొంతా?

కానీ సంబురంగా అన్నాడంది. కల్పించేవాళ్లు ఆ మాట కల్పించరు. ఏడ్చాడని కల్పిస్తారు.

మే 21

మధ్యాహ్నం మా లింబాయత్ సందు చివరి ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. గోడవతల సాంచాలు ఒక్కసారిగా ఆగాయి. గూట్లో పళ్లేలు ఆగాయి. చెవుల్లో ఏదో ఊడిపోయినట్టు అయింది.

ఆ నిశ్శబ్దంలో వంటింట్లోంచి అమ్మ, "నవతా! ఉల్లిగడ్డలు కోసినవా లేదా, గాడిదా!" అని కేక పెట్టింది. సందు ఆ మూల నుంచి ఈ మూల దాకా వినబడింది. ఎదురింటి కిటికీలోంచి నీరజ, "కోస్తున్నది చిన్నమ్మా, జర ఓపిక పట్టు!" అని జవాబిచ్చింది. ఎక్కడెక్కడి వాళ్లో నవ్వారు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, అదే గొంతుతో, "కరెంటు పోయిందని యాదికి లేదు!" అని మళ్లీ అరిచింది. ఇంకా నవ్వారు.

మాకు మెల్లగా మాట్లాడటం రాదు. సాంచాల పక్కన పుట్టి పెరిగినవాళ్లం. కాలేజీలో మొదటిరోజు పక్కన కూర్చున్న గుజరాతీ పిల్లను పేరు అడిగితే, ఎందుకు కొట్లాటకు వస్తున్నావంది. సాంచాలు ఆగినా మా గొంతులు వెంటనే దిగవు. ఆగాయని ఒంటికి తెలియడానికి కాసేపు పడుతుంది.

ఆ పొద్దున మామ కూడా ఆగిన సాంచాల ముందు నిలబడి అరిచాడు.

ఉల్లిగడ్డలు కోయలేదు.

మే 22

"కరెంటు పోయింది బిడ్డా." ఆయన మొదటి మాటే అది. ఈ పుస్తకంలో పన్నెండో తేదీ కింద నా చేత్తో నేనే రాసుకున్నాను. రాసి, ఆ వెంటనే సాంచాల చప్పుడు అని కూడా రాశాను. కరెంటు లేకుండా ఏ సాంచా నడుస్తుంది? ఈ సంగతి మా సందులో నడక రాని పిల్లలకు కూడా తెలుసు. రాజమౌళి పెద్దనాన్నకు తెలియదా? అందుకే గోడవైపు చూశాడు.

ఫోన్‌లో అవతలి నుంచి ఏ చప్పుడూ లేదు; మా గోడ మోత ఎలాగూ నా చెవులకు ఆనదు. చప్పుడు లేకపోవడమే వింతగా అనిపించి లేచి కూర్చున్నాను, అది కూడా గుర్తుంది. "ఫైరోళ్లకు చెప్పు, జల్ది. నేను మాల్ తీస్తున్న" అన్నాడు. తర్వాత ఫోన్ నోటి దగ్గర నుంచి పక్కకు జరిగింది. నాతో కాదు, ఇంకెవరితోనో అన్నాడు.

"ఒక్క నిమిషం ఆగుర్రి!"

ప్రతి అక్షరం వినబడింది. లోపలి ముగ్గురికీ అలాగే వినబడి ఉంటుంది. ఆ కార్ఖానా అంత నిశ్శబ్దంగా ఎన్నడూ ఉండి ఉండదు.

మొదటిరోజు రాయబుద్ధి కాని కారణం ఇదే. ముద్ద పెట్టిన ప్రతిసారీ ఆ నోటివైపు చూస్తున్నాను. ఆ మాట మళ్లీ రాకపోతే, నేను వినలేదనే అనుకోవచ్చని.

మే 24

ఇవాళ తలుపు దగ్గరికి వేసి, పళ్లెం ఒళ్లో పెట్టుకుని అడిగాను.

"మాల్ ముందు తియ్యమని సేటు చెప్పిండా మామా?"

అవును అంటాడని ఎంత ఆశపడ్డానో. అవునంటే సేటును తిట్టుకుంటూ బతికేయొచ్చు.

"సేటు ఫోనే ఎత్తలే."

"మరి?"

"మరేంది? ఒకలు చెప్పాల్నా?" మామ నావైపు విచిత్రంగా చూశాడు. "ఇన్నేండ్ల సంది అదే పనాయె. వాన గొట్టినా ముందుగాల మాలే, పైపు పల్గినా మాలే. మాల్ కాలితే రేపు మనకు పనెవడిస్తడు? మంట బోర్డు కాడనే ఉండె బిడ్డా. టైమున్నదనుకున్న."

"సురేశన్న పిలువలేదా?"

"పిలిచిండు. 'లింగన్నా, తాళం' అన్నడు. ఒక్క నిమిషం ఆగుర్రి అన్న." మామ పళ్లెం వైపు చూశాడు. "సరే అన్నడు."

సరే అన్నాడట.

చెప్పి, మామ నోరు తెరిచాడు.

నాకు ముందు అర్థం కాలేదు. ఇంకేదో చెప్పబోతున్నాడనుకున్నాను. తర్వాతి ముద్ద కోసం తెరిచాడు. నా చెయ్యి తనంతట తనే పోయి పెట్టింది. నమిలాడు. మింగేటప్పుడు ఎప్పటిలాగే కళ్లు మూసుకున్నాడు. "జర పులుసు పొయ్యి కోడలా, గొంతు పట్టుకుంటున్నది" అన్నాడు. పోశాను. పళ్లెం ఖాళీ అయ్యేదాకా పెట్టాను. ఏ స్టేషన్ అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఏడుస్తాడనుకున్నాను. ఏడిస్తే నేనేం చేసేదాన్నో తెలియదు.

మే 25, ఆదివారం

అమ్మకు చెప్పాను. చెప్పకుండా చేయడం నాకు రాదు.

"నీకు ఇనవడలేదని చెప్పితివి గదనే!"

"అబద్ధం చెప్పిన."

"అయితే గదే మళ్ల చెప్పు. ఒకసారి చెప్పంగ లేంది రెండోసారి చెప్పరాదా?" అంటూనే కొంగు కళ్లకు అద్దుకుంది. "వాని చేతులు సూడవే. గా చేతులు పట్టుకొని జైలుకు పోతే వానికి నీళ్లెవలు తాగిపిస్తరు? ముడ్డెవలు కడుగుతరు? నీకు బువ్వ తినిపిచ్చిన చేతులే అవి!"

"సురేశన్నను ఆగుమన్నడమ్మా. ఆయన సరేనన్నడట."

కొంగు పట్టుకున్న అమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణం నాకు కనిపించింది, దాన్ని ఆమె దాటేయడం కూడా కనిపించింది. "పోయినోళ్లు పోయిండ్రు. ఉన్నోని మీద జాలి ఉండాలె మనిషికి. నువ్వేం ఆడిదానివే, బండవు."

పద్నాలుగు రోజుల్లో వెన్న మళ్లీ బండ అయింది.

జాలి లేదా నాకు? ఉంది. రేపు కట్టు విప్పితే మళ్లీ కళ్లలో నీళ్లు వస్తాయి. కానీ మా ఇంట్లో జాలి అంతా ఒక్క మంచం చుట్టూ కూర్చుని చాయ్ తాగుతోంది. వినోద వదిన గదికి పోయింది ఒక్క టిఫిన్ డబ్బా, అదీ ఆమె నోరు మూయడానికి. గంజాంకు ఏమీ పోలేదు. మామ మీద ఎంత జాలి పడాలో అంతా పడుతూ, నేను విన్నది వినలేదని మాత్రం అనకుండా ఉండలేనా? అమ్మ లెక్కలో అలా కుదరదు. సేవా, అబద్ధమూ రెండూ కలిపి ఇస్తేనే జాలి, సేవ ఒక్కటే ఇస్తే బండ.

మా అరుపులకు నాన్న గుమ్మంలోకి వచ్చాడు. "మెల్లగ మాట్లాడుండ్రి, వాడింటడు" అన్నాడు. తర్వాత నేను వాకిట్లోకి వస్తే, తల ఎత్తకుండా, "సురేశ్‌ను లింగం కాడ పనికి పెట్టిచ్చింది నేనే" అన్నాడు. ఆ గదిలోకి ఎందుకు రాడో ఇన్నాళ్లకు తెలిసింది.

మే 26

పొద్దున వినోద వదిన దగ్గరికి వెళ్లి చెప్పాను. నన్ను పట్టుకుని ఏడుస్తుందనుకున్నాను. సూదితో రాయి సరిచేస్తూ, "ఎన్ని గంటలకు?" అంది. ఇంకో రాయి అంటించి, "గా రోజు గిన్నె ఎందుకు జారిందో నాకు అప్పుడే ఎర్కయింది" అంది. తెలిసీ ఎనిమిది రోజులు ఎవరితోనూ అనలేదు, నన్ను అడగలేదు. నేనైతే అడిగేదాన్ని. అందరిలో అడిగేదాన్ని.

మధ్యాహ్నం మామకు చెప్పాను. కట్లు మార్చి, అన్నం పెట్టి, మూతి తుడిచాక. "రేపు పోలీస్ స్టేషన్‌కు పోతున్న మామా. ఫోన్ల ఇన్నది చెప్తా."

మామ కొత్త కట్టు వైపు చూసుకున్నాడు. "చిన్నప్పుడు గూడ గింతే నువ్వు. బల్లార్షా కాడ మూతి ముడిచేది, కాజీపేట రాంగనే దిగిపోయేది" అని నవ్వబోయాడు. నేను నవ్వలేదు. నవ్వు ఆయన మొహం మీదే కాసేపు ఉండి పోయింది.

తలుపు దాకా వచ్చాక వెనకనుంచి పిలిచాడు. గోడవతల సాంచాలు మోగుతున్నాయి. అయినా అరవలేదు. మామ మెల్లగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

"కోడలా. రేపు పగటీలి నాకెవలు తినిపిస్తరే?"

జవాబు చెప్పకుండా వచ్చేశాను. ఇక్కడ రాస్తున్నాను.

రేపు పదకొండుకు వినోద వదినతో పోతున్నాను. కరెంటు పోయిందని, సాంచాలు ఆగి ఉన్నాయని, మామ అన్నది నాకు వినబడిందని చెప్తాను. మధ్యాహ్నం తినిపించడానికి నేను ఉండను.